డొల్ల చప్పుడు

ఆ హోటల్ పక్కనుంచి పొద్దుగూకాక ఎవరూ నడవరు. నడవాల్సి వస్తే రోడ్డు దాటి, అటువైపు షట్టర్లు దింపిన దుకాణాల మెట్లు ఎక్కుతూ దిగుతూ పోతారు. ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే, ఇటువైపు గుంతలున్నాయంటారు. గుంతలు రెండు వైపులా ఉన్నాయి.

దాన్ని హోటల్ అనడం కూడా మన మంచితనమే. ఏడంతస్తుల శ్లాబులు పడ్డాయి, గోడలు లేచాయి, తలుపులు మాత్రం రాలేదు. కిటికీలకు చట్రాలున్నాయి, అద్దాలు లేవు. పైన బోర్డు కోసం నిలబెట్టిన ఇనుప చువ్వల మధ్య ఒకే ఒక్క అక్షరం బిగించారు. మిగతావి రాకముందే పని ఆగిపోయింది. ఆ హోటల్ పేరేంటో ఊళ్ళో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

కథలకు మాత్రం కరువు లేదు. కింద రిసెప్షన్ బల్ల వెనక గది తాళాలు తగిలించే చెక్క ఉంది — ఎనభై నాలుగు కొక్కేలు, ఒక్క తాళం లేదు. అర్ధరాత్రి చూస్తే ఏదో ఒక కొక్కేనికి తాళం వేలాడుతుందట. అది ఏ నంబరైతే చూసినవాడి ఆయుష్షు అన్నేళ్ళేనట. వెనకున్న ఈత కొలను ఇంతవరకూ నీళ్ళు చూసిన పాపాన పోలేదు, అయినా అందులోకి ఎవరో దూకిన చప్పుడవుతుందట. లిఫ్టు గంట మోగుతుందట. లిఫ్టే బిగించని చోట గంట ఎలా మోగుతుందని అడిగామనుకోండి... అదే కదా మరి దెయ్యమంటే, అని మనల్నే వెర్రివాళ్ళని చూసినట్టు చూస్తారు.

ఇవన్నీ పాతవి. నలిగి నలిగి పిల్లలు కూడా భయపడ్డం మానేశారు.

మూడు వారాల కిందట కొత్తదొకటి చేరింది. రాత్రిపూట నాలుగో అంతస్తులో ఎవరో నేల మీద కొడుతున్నారు. టక్ టక్ టక్ టక్...

ఆగుతుంది.

తరవాత ఇంకొకటి — టక్.

ఆ చప్పుడు విని దారినపోయేవాళ్ళంతా పరుగు లంకించుకున్నారు. దాన్ని వినడానికే లోపలికి వెళ్ళిన మనిషి ఒక్కతే ఉంది.

ఆమెను పనుల దగ్గర తెల్లచేతులక్క అనేవాళ్ళు. మొగుడు టైల్స్ మేస్త్రి. ఆయన ముందు టైల్స్ పరుచుకుంటూ పోతే, అవి ఆరాక ఆమె వెనకాలే గొంతుక్కూచుని, టైలుకీ టైలుకీ మధ్య సందుల్లో వైట్ సిమెంటు నింపి, వేలితో నునుపు చేసి, గుడ్డతో తుడుచుకుంటూ వచ్చేది. జాయింట్లు నింపడం అంటారు దాన్ని. పెళ్ళైన దగ్గర్నుంచి పదకొండేళ్ళు ఆయన వీపు చూస్తూ బతికింది. గోళ్ళలో తెలుపు ఎంత రుద్దినా పోయేది కాదు.

ఆయనకొక అలవాటుండేది. టైలు పరిచాక తాపీ పిడితో నాలుగు మూలలా గబగబా నాలుగు దెబ్బలు కొట్టేవాడు. ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగి, నడిమధ్య ఒకటి కొట్టి వినేవాడు. కింద సిమెంటు మాలు బాగా పట్టుకుంటే చప్పుడు గట్టిగా, పొట్టిగా వస్తుంది. ఎక్కడన్నా గాలి మిగిలిపోతే డొల్లగా వస్తుంది. డొల్ల వచ్చిందా, అప్పటికప్పుడు ఆ టైలు ఊడబెరికి మళ్ళీ వేసేవాడు. ఆ ఒక్క టైలు కోసం అన్నం మానేసిన రోజులున్నాయి.

మిగతా మేస్త్రీలు ఎక్కడో ఒకచోట తట్టి సరిపెట్టేవాళ్ళు. ఆ ఆగడం, ఆగి కొట్టే ఆ నడిమి దెబ్బ ఆయన ఒక్కడివే. మూడు గదుల అవతలున్నా అది ఆయనేనని ఆమెకు తెలిసిపోయేది. జనం మధ్యలో మనవాళ్ళ దగ్గు తెలిసిపోయినట్టు.

ఏడేళ్ళ కిందట ఈ హోటల్లోనే, నాలుగో అంతస్తులో వాళ్ళ పని. ఒక సాయంత్రం ఇద్దరూ దిగి గేటు దాకా వచ్చేశారు. అప్పుడు ఆయన పనిముట్ల సంచి తడుముకుని, మట్టం పైనే మరిచిపోయా, నువ్విక్కడే ఉండు, ఇప్పుడే వస్తా అన్నాడు. నేల సమంగా ఉందో లేదో చూసుకునే బుడగ కర్ర అది. దాన్ని పక్కన పెట్టుకోకపోతే ఆయనకు నిద్ర పట్టదని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అందుకని ఆమెకు అనుమానం రాలేదు. అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

చీకటి పడింది. వీధి దీపాలు వెలిగాయి. ఆయన దిగలేదు.

వెతికారు. లిఫ్టు కోసం వదిలిన గొయ్యిలో వాన నీళ్ళు నిలిచి ఉంటే, పొడుగాటి కర్రతో కెలికి ఏమీ తగల్లేదన్నారు. ఆ కర్ర అడుక్కి అందనే లేదని పక్కన నిలబడి చూసినవాళ్ళన్నారు. ఆ వారంలోనే హోటల్ కట్టిస్తున్నాయన కనపడకుండా పోయాడు, పని ఆగిపోయింది, గొయ్యిని ఎవరో రాళ్ళూ మట్టీ పోసి పూడ్చేశారు. మేస్త్రి ఆ గోతిలోనే ఉన్నాడని ఊరు తేల్చేసింది. ఊరికేం, ఎన్నైనా తేల్చేస్తుంది. తేల్చుకోలేకపోయింది ఆమె.

పోయాడని తెలిస్తే ఏడవచ్చు. వదిలేసి పోయాడని తెలిస్తే తిట్టుకోవచ్చు. రెండూ తెలియనప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకని ఏమీ చెయ్యలేదు. ముందు మనసు మొద్దుబారింది, తరవాత నాలుక, తరవాత చేతులు. తింటున్నది కారమో చప్పనో తెలిసేది కాదు. ఒకసారి పొయ్యి మీది గిన్నె ఉత్త చేతుల్తో దించి, తోడికోడలు కేక పెట్టేదాకా అలాగే పట్టుకు నిలబడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నొప్పిగా ఉందా అక్కా అంటే, ఉండాలి కదా అంది.

మరిది మంచివాడు. అన్న ఉన్నా ఇంతకంటే బాగా చూసేవాడో లేదో. ఆమె ఉంటున్న రెండు గదులూ అన్న పేరు మీదున్నాయి, ఆమె పేరుకు మారాలంటే ఆయన పోయినట్టు కాగితం కావాలి. ఏడేళ్ళపాటు ఎవరికీ ఏ కబురూ లేని మనిషిని పోయినట్టే రాస్తారని ఎవరో చెబితే, ఆఫీసుల చుట్టూ తిరిగి అన్నీ సిద్ధం చేశాడు. మర్నాడు పదకొండింటికి ఆమె స్వయంగా వచ్చి, అడిగినదానికి జవాబు చెప్పి, సంతకం పెట్టాలి.

"ఒక్క మాట, ఒక్క సంతకం వదినా," అన్నాడు. "అన్నయ్య లేడని మనందరికీ తెలిసిందే కదా."

ఎలా తెలుసని ఆమె అడగలేదు. బీరువాలోంచి ఉతికిన చీర తీసి మర్నాటికి మంచం మీద పెట్టుకుంది.

ఆ సాయంత్రమే వీధి చివర టీ కొట్టు దగ్గర హోటల్ వాచ్‌మన్ ఎదురయ్యాడు. ముసలాయన, పని ఆగిపోయిన దగ్గర్నుంచి గేటు పక్కన రేకుల గదిలో ఉంటున్నాడు. ఆమెను చూసి తల తిప్పుకున్నాడు, మళ్ళీ దగ్గరికొచ్చాడు, టీ తాగాడు, గ్లాసు పెట్టేశాడు, అప్పుడు గానీ నోరు పెగల్లేదు.

"చెప్పకూడదనుకున్నా అమ్మాయ్... నాలుగు గబగబా పడతాయి. తరవాత ఆగుతుంది. మనం ఊపిరి పీలుస్తామేమో చూస్తున్నట్టు ఆగుతుంది. అప్పుడు ఇంకొకటి."

రోజూ వింటున్నారా అని ఆమె అడిగింది. రోజూ కాదు, రెండ్రోజులకోసారి, ఎనిమిది దాటాక మొదలై గంటసేపు ఉంటుందన్నాడు. మీ ఆయన కొట్టేది కూడా ఇలాగే కదూ, పాత పనివాళ్ళు అనుకుంటుంటే విన్నా, అన్నాడు.

ఇంటికి నడుస్తుంటే ఆమెకు ఒక కోరిక పుట్టింది. ఏడేళ్ళలో మొదటి కోరిక అది. బయటికి చెబితే విన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు.

అది దెయ్యమే అయ్యుండాలి అనుకుంది.

దెయ్యమైతే ఆయన పోయినట్టే. పోయాడంటే మట్టం కోసమే వెళ్ళాడు. తిరిగి వద్దామనే వెళ్ళాడు. తనను గేటు దగ్గర నిలబెట్టి పోలేదు. ఆ ఒక్కటి తెలిస్తే రేపు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడుతుంది. ఇంటికొచ్చి కడుపారా ఏడుస్తుంది.

భోజనాలయ్యాయి. మరిదీ తోడికోడలూ టీవీ ముందు కూర్చున్నారు. ఇప్పుడే వస్తానని చెప్పి ఆమె చెప్పులేసుకుంది. ఎక్కడికని వాళ్ళు అడగలేదు, ఆమె ఎక్కడికీ వెళ్ళదు గనక.

వాచ్‌మన్ గేటు తీశాడు గానీ గడప దాటలేదు. ఆరేడేళ్ళుగా ఆ భవనాన్ని కాపలా కాస్తున్నా, చీకటి పడ్డాక లోపల అడుగు పెట్టింది లేదు. ఆయన కాసేది బయటివాళ్ళు లోపలికి పోకుండానో, లోపలివాళ్ళు బయటికి రాకుండానో ఆయనకే తెలియదు. టార్చిలైటు ఆమె చేతిలో పెట్టి, వద్దు అమ్మాయ్, అని ఒక్కసారి అని ఊరుకున్నాడు.

లోపల చల్లగా ఉంది. తడి సిమెంటు వాసన ఏడేళ్ళైనా పోలేదు. రిసెప్షన్ బల్ల వెనక కొక్కేలు వరసగా మెరిశాయి, ఖాళీగా. లిఫ్టు దగ్గర తలుపు లేని నల్లటి గోడ కన్నం. దాని ముందు ఒక్క క్షణం నిలబడి లోపలికి లైటు వేసింది. పూడ్చిన మట్టిలో గడ్డి మొలిచింది. అందులో ఆయన ఉన్నాడో లేడో గడ్డి చెప్పదు.

మెట్లు ఎక్కింది. పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు, గోడకు భుజం ఆనించుకుని ఎక్కాలి. మొదటి అంతస్తులో గట్టిపడి రాళ్ళైపోయిన సిమెంటు బస్తాలు. రెండో అంతస్తులో ఇసక కుప్ప, దాని మీద ఏదో జంతువు పడుకుని లేచిన గుంట. కాళ్ళు బరువుగా లేవు. భయం వేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు.

మూడో అంతస్తు మలుపులో ఉండగా —

టక్ టక్ టక్ టక్...

ఆగింది. ఆమె కాలు మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆగింది.

టక్.

ఆయనే.

ఒళ్ళంతా వేడెక్కింది. చేతులు తిమ్మిరి వదిలి సూదులు గుచ్చినట్టయ్యాయి. ఇంతకాలం ఎక్కడో దూరాన ఉన్న ఏడుపు గొంతు దాకా వచ్చి కూర్చుంది. పాపం, పోయాక కూడా పని వదల్లేదు, అనుకుంది. లైటు ఆర్పేసింది. దెయ్యాలకు వెలుగు పడదని ఎక్కడో విన్నది. ఆయన మాయమైపోతే ఎలా అని భయం వేసింది అప్పుడు, మొదటిసారి.

నాలుగో అంతస్తులో పన్నెండు గదులు, మధ్యన పొడుగాటి వసారా. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. పాదాల కింద జాయింట్లు తగులుతున్నాయి, తను నింపినవే. చీకట్లో ఒక్కొక్క గదినీ పాదాలతో లెక్కపెట్టుకుంటూ పోయింది. ఎనిమిది... తొమ్మిది... పది. చప్పుడు చివరి గదిలోంచి. సన్నగా వెలుతురు కూడా.

గుమ్మం పక్కన నిలబడి తొంగి చూసింది.

ఒక మగమనిషి గొంతుక్కూచుని ఉన్నాడు, వీపు ఇటు తిప్పి. తల చుట్టూ తువ్వాలు. చేతిలో తాపీ, తిరగేసి పట్టుకున్నాడు. నాలుగు మూలలా నాలుగు. ఆగాడు. ఊపిరి బిగబట్టినట్టు భుజాలు కొంచెం లేచాయి.

టక్.

పెళ్ళైనప్పటినుంచీ ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. పిలిచేది ఒకే ఒక్క మాట.

"ఇదిగో..." అంది, గాలి కంటే నెమ్మదిగా.

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. తిరిగి ఆమెను చూసి, ఉన్నచోటే కూలబడి, రెండు చేతులూ జోడించి గోడ దాకా వెనక్కి జరిగిపోయాడు. వేరే మనిషి. నెరిసిన గడ్డం, యాభై దాటిన మొహం, భయంతో వంకర్లు పోతోంది. ఆడదెయ్యం అనుకున్నాడు ఆమెను.

ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకున్నారు. దెయ్యం కాదని ముందు ఎవరికి అర్థమైందో చెప్పడం కష్టం.

"మనిషినే," అంది ఆమె చివరికి. గొంతు దాకా వచ్చిన ఏడుపు వెనక్కి వెళ్ళిపోయింది.

అతను కాసేపటికి తేరుకున్నాడు. గోడకు ఆనించి తొమ్మిది టైల్స్, కింద పరిచిన గోనెసంచి, పక్కన ఉలి, కొవ్వొత్తి. దాచడానికేమీ లేదని అతనికీ తెలిసింది. గుసగుసగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు చెప్పుకొచ్చాడు. తనూ టైల్స్ పనివాడేనట. నెల కిందట ఈ ఊరొచ్చి అత్తగారింట్లో ఉంటున్నాడు, రెండు గదులకు నేల వేసుకుంటున్నాడు, ఈ రకం ఇప్పుడు దొరకడం లేదు. దొంగతనమే, కాదనను, ఎవరివీ కానివే కదా అని తీసుకుంటున్నా అన్నాడు.

"కొడుతున్నావెందుకు?"

"గట్టిగా పట్టుకున్న టైలు ఊడదమ్మా, ముక్కలైపోతుంది. డొల్లదైతే ఉలి దూర్చగానే చెక్కుచెదరకుండా లేస్తుంది. ఏది డొల్లో చూసుకుంటున్నా."

ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. ఏడేళ్ళు ఎన్ని మాటలన్నా పడింది గానీ, పనిని అంటే పడలేకపోయింది.

"ఈ అంతస్తులో డొల్లవి ఉండవు. ఒక్కటి కూడా ఉండదు."

అతను చిన్నగా నవ్వాడు, తెలియని మనిషితో తెలిసినవాడు నవ్వినట్టు.

"ఈ చివరి రెండు గదుల్లో అన్నీ డొల్లే అమ్మా, అలవాటు కొద్దీ కొట్టి చూస్తున్నా గానీ. వేసినాయనే చెప్పాడు నాకు."

ఆమె చేతిలో లైటు కదల్లేదు. కొవ్వొత్తి మంట కూడా కదల్లేదు. బయట రోడ్డు మీద ఏదో బండి గేరు మార్చుకుని పోయింది.

"ఎప్పుడు చెప్పాడు?"

"నెల కిందటే. ఇక్కడికొస్తున్నానంటే చెప్పాడు."

మేస్త్రి ఉండేది రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు. నాలుగేళ్ళు ఆయన చేతికింద పనిచేశాడట. మేస్త్రికి ఎడమచేతి చిటికెనవేలు సగం లేదు, ఎప్పుడో టైల్స్ కోసే కట్టర్‌లో పోయిందట. టీ తాగేముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడట. రెండూ ఆమెకు తెలిసినవే. ఈ కొట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నదే, నాలుగు మూలలూ కొట్టి, ఆగి, నడుమ కొట్టందే టైలు వేసినట్టు కాదంటాడు మా మేస్త్రి, అన్నాడు. అతనికి మేస్త్రి గురించి చెప్పడం ఇష్టంగా ఉన్నట్టుంది. భయం కూడా మరిచిపోయాడు.

ఆ హోటల్లో చివరి రెండు గదులప్పుడు మనసు మనసులో లేదట మేస్త్రికి. మాలు నాలుగు ముద్దలు పెట్టి పైన టైలు అతికించేశాడట. కొట్టి చూడను కూడా లేదట. జీవితంలో చేసిన పాడుపని అదొక్కటే, పోయి ఊడదీసుకో, పీడా పోతుంది అన్నాడట. వెనకవైపు పనివాళ్ళ మెట్లున్నాయి, అటునుంచి దిగితే గేటు దగ్గర ఎవరున్నా కనపడవు అని కూడా చెప్పాడట.

వసారా చివర్న సన్నటి గుమ్మం. ఆమెకు తెలియకేం. వైట్ సిమెంటు కలిపిన డబ్బా కడిగి ఆ మెట్ల మీదే పారబోసేది రోజూ. ఏడేళ్ళలో ఎన్నిసార్లు ఆ సాయంత్రాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకుందో, ఒక్కసారి కూడా ఆ మెట్లు గుర్తు రాలేదు. తలుచుకున్నప్పుడల్లా గేటు దగ్గరే నిలబడింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఈ రెండు గదుల్లోనూ జాయింట్లు నింపింది తనే. ఆ వారమంతా ఆయన తాపీ చప్పుడు వినపడలేదు. వినపడలేదన్న సంగతి అప్పుడు తోచలేదు. అలవాటైపోయి చెవికి ఆనడం లేదేమో అనుకుంది అంతే.

"ఒక్కడే ఉంటాడా?" అని అడిగింది. అడిగాక, అడగకుండా ఉండాల్సిందనిపించింది.

"ఒక్కడేంటమ్మా, వాళ్ళావిడ ఉంది కదా. ఆయన పరుచుకుంటూ పోతుంటే వెనకాలే జాయింట్లు నింపుకుంటూ వస్తుంది. ఆ చెయ్యి చూడాలి మీరు. గీత గీసినట్టుంటుంది."

ఆమె గోడకు ఆనుకుంది. ఇప్పుడు కోపం రావాలి. రాలేదు. ఏడుపన్నా రావాలి, అదీ రాలేదు. వస్తాయేమోనని నిజంగానే కాసేపు ఎదురుచూసింది. మెట్ల మీద పుట్టిన ఆ వేడి మాత్రం కాళ్ళలోంచి దిగిపోతూ ఉంది, బకెట్టుకి చిల్లి పడ్డట్టు.

వంగి, గొంతుక్కూచుని, వేలి కణుపుతో ఒక టైలు మీద కొట్టింది. డొల్ల. పక్కది కొట్టింది. అదీ డొల్లే. మోకాళ్ళ మీద జరుగుతూ గుమ్మం దాకా కొట్టుకుంటూ వచ్చింది. ఊడదియ్యకుండా మిగిలినవన్నీ అంతే. వాటి మధ్య తను నింపిన జాయింట్లు మాత్రం ఏడేళ్ళైనా తెల్లగా, తిన్నగా, ఒక్క వెంట్రుకవాసి పగులు లేకుండా ఉన్నాయి.

అతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అక్కడ కొట్టి చూస్తాడా?" అంది, తలెత్తకుండానే. "ప్రతి టైలూ?"

"ఒక్కటి వదలడమ్మా."

ఇంకెన్ని కావాలని అడిగింది. ఇంకో మూడు ఉంటే సరిపోతాయన్నాడు. ఆమె లైటు పట్టుకుంది, అతను ఊడదీసుకున్నాడు. ఒకదాని జాయింటు గట్టిగా ఉండి ఉలి దిగకపోతే, అలా కాదని చెప్పి ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. పని తెలిసినదానివి అక్కా అన్నాడు. అప్పటికి అమ్మ పోయి అక్క వచ్చింది. ఒకప్పుడు ఇక్కడ చేశాలే, అంది.

వెళ్ళేముందు రెండే చెప్పింది. ఇంక ఇక్కడికి రావద్దని, ఇక్కడ ఎవర్నన్నా చూసినట్టు ఎవరికీ చెప్పద్దని. ఎవరికీ అంటే మీ మేస్త్రికి కూడా. అతను సరేనన్నాడు. గోనెసంచి భుజానికెత్తుకుని వెనక మెట్ల మీదుగా దిగిపోయాడు. అడుగుల చప్పుడు కింద దాకా వినిపించింది, తరవాత గోడ దూకిన చప్పుడు. ఎంతో సేపు పట్టలేదు. దిగిపోవడానికి అంత తక్కువసేపు చాలునని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆమె ముందు మెట్ల మీదే దిగింది. వాచ్‌మన్ రేకుల గదిలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు, చలి లేకపోయినా.

"కనపడ్డాడా అమ్మాయ్?"

లైటు ఇచ్చేసి, చెప్పులేసుకుని ఇంటికెళ్ళింది. మంచం మీది చీర కుర్చీలోకి మార్చి పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

మర్నాడు పదకొండింటికి ఆఫీసు. పైన ఫ్యాను ఒక్కో చుట్టుకీ ఒక్కోసారి మూలుగుతోంది. గుమాస్తా బల్ల మీది అద్దం కింద పాత క్యాలెండర్ కాగితం, పక్కన ఊదారంగు సిరా మెత్త. మరిది చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. వదిన నోరు తెరుస్తుందో లేదోనని రాత్రంతా అతనికి నిద్ర లేదు.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని కాగితంలోంచి చదివాడు.

"ఈ ఏడేళ్ళలో మీ భర్త బతికున్నట్టు ఎవరి ద్వారానైనా, ఏ విధంగానైనా మీకు కబురు తెలిసిందా?"

ఫ్యాను రెండు చుట్లు తిరిగింది. తెలిసిందని చెప్పచ్చు. చెబితే మరిది రైలెక్కుతాడు, కాళ్ళో గడ్డమో పట్టుకుని తీసుకొస్తాడు. ఆయన మళ్ళీ ముందు పరుచుకుంటూ పోతాడు, తను వెనకాల నింపుకుంటూ వెళ్ళాలి. ప్రతి టైలు దగ్గరా ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని.

"లేదు," అంది.

మరిది ఊపిరి వదిలాడు. చూపించిన మూడు చోట్లా ఆమె సంతకం పెట్టింది. గుమాస్తా ముద్ర కొట్టి, కాగితం ఆరడానికి పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అతని ఇల్లు ఆ హోటల్ వెనక వీధిలోనేనట.

"ఇది ఆఫీసు మాట కాదమ్మా... ఆ నాలుగో అంతస్తులో చప్పుడు... అది ఆయనేనంటారు. నిజమేనా?"

"నిజమే సార్. రాత్రి వెళ్ళి చూశాను."

మరిది ఉలిక్కిపడి వదిన వైపు చూశాడు. గుమాస్తా బల్ల కింద చాపుకున్న కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"చూశారా? ఆయన... ఒక్కడేనా?"

"కాదు సార్," అంది ఆమె. ఊళ్ళో సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పింది. "ఆయన టైల్స్ కొట్టి చూసుకుంటున్నాడు. వెనకాల ఒకావిడ గొంతుక్కూచుని జాయింట్లు నింపుతోంది. ఇద్దరూ పోయినవాళ్ళే."

"ఆవిడెవరమ్మా?"

"నేనే," అంది.

కొంగు సర్దుకుని, మరిదిని రమ్మన్నట్టు తలూపి, ఆమె ఆఫీసు మెట్లు దిగింది. బల్ల మీద మూడు సంతకాలూ ఇంకా ఆరలేదు. గుమాస్తా ఆ కాగితం వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు గానీ, ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.